కానుగ నీడలో తెల్లకారు

మొన్న నా కంటి పరీక్ష ఉందని మా అమ్మాయి గుంతకల్లు నుంచి అనంతపురానికి నన్ను తన కారులో తీసుకుపోయింది. పొద్దున్నే బయలుదేరినా అక్కడికి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. ఎండాకాలంలో కారు ఎక్కడైనా నిలపాలంటే ఆమె చేసే తతంగం అంతా ఇంతా కాదు. ముందు అద్దానికి లోపలివైపు వెండిరంగు మడత అట్ట విప్పి నిలబెడుతుంది, పక్క అద్దాలకు నల్లటి వలతెరలు తగిలిస్తుంది, స్టీరింగు మీద తడిపి పిండిన తువ్వాలు కప్పుతుంది, అద్దాలు వేలు దూరేంత సందు వదిలి మిగతాది ఎత్తుతుంది, పడమటి ఎండ సీటు మీద పడకుండా కారు మూతి ఎటు తిప్పాలా అని ఆకాశం వైపు చూస్తుంది. ఇవన్నీ ఫోనులో ఎవరో చెప్పిన చిట్కాలట. ఆ వెండి అట్ట, వలతెరలు తప్ప తక్కినవన్నీ నాకు నలభై ఏళ్ళ పైబడి తెలుసు. ఆమెకు చెప్పలేదు. చెప్పుకుని మురిసిపోవడానికి అదేం పెళ్ళిముచ్చట కాదు.

ఆసుపత్రి ముందు కార్లు నిలిపే చోట సిమెంటు పోసి తెల్లగీతలు గీశారు గానీ ఒక్క చెట్టు ఉంచలేదు. ఉన్న ఒక్క చెట్టూ ప్రహరీ గోడ అవతల, రోడ్డు వారన ఉంది. అదీ కానుగ చెట్టే. దాని కింద ఒక ఆడమనిషి గంపలో దోసకాయలు పెట్టుకుని కోసి, ఉప్పుకారం చల్లి అమ్ముకుంటోంది. పైకొమ్మకు చీర ఉయ్యాల కట్టి ఉంది, అందులో బిడ్డ నిద్రపోతున్నట్టుంది, ఉయ్యాల బరువుగా, కదలకుండా వేలాడుతోంది. మా అమ్మాయి కారును మెల్లగా అక్కడిదాకా పోనిచ్చి, హారను ఒక్కసారి నొక్కి, అద్దం దించి, అరచెయ్యి బయటపెట్టి, జరగమన్నట్టు ఊపింది. కోపంగా ఏమీ ఊపలేదు. ఈగను తోలినట్టు, అలవాటుగా ఊపింది. ఆ మనిషి లేచి ఉయ్యాల ముడి విప్పింది, బిడ్డను భుజాన వేసుకుంది, గంపను కాలితో నెట్టుకుంటూ గోడ వారన ఎండలోకి పోయింది. కారు నీడలోకి పోయి నిలబడింది.

బయట ఊగిన ఆ అరచెయ్యి గురించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. నేర్పింది మా అమ్మాయే. అప్పుడు ఆమె కాలేజీలో చదువుతోంది, సెలవులకు వచ్చినప్పుడల్లా నన్ను పలక ముందు కూర్చోబెట్టి, నా చెయ్యి పట్టుకుని దిద్దించేది. రాళ్ళు కొట్టి కాయలు కాసిన నా వేళ్ళ మీద ఆమె అరచెయ్యి ఇంకా గరుగ్గా తగిలేది. ఆ కుడి అరచేతి నిండా ముడతలు పడిన తెల్లటి మచ్చ ఉంది, చిటికెన వేలు, దాని పక్క వేలు పూర్తిగా చాచుకోవు, ఎప్పుడూ ఏదో పట్టుకున్నట్టు వంగే ఉంటాయి. ఆ చేతితోనే బళ్ళో రాసింది, పరీక్షలు రాసింది, గుంతకల్లులో రైల్వే ఆఫీసులో ఉద్యోగానికి చేరింది, కారు కొన్నది. ఎండలో నిలిపిన కారు స్టీరింగు ఎవరు పట్టుకున్నా చెయ్యి చురుక్కుమంటుంది. ఆమెకు కాలదు. ఆ చేతికి వేడి తెలియదు.

ఆ మచ్చ ఎట్లా వచ్చిందో ఆమెకు నేను చిన్నప్పుడే చెప్పాను, దాచడానికేముంది. కానీ ఆమె దాన్ని పదిమందిలో వేరే తీరుగా చెప్పుకుంటుంది. ఆఫీసు వాళ్ళు ఇంటికొచ్చినప్పుడు చెయ్యి చాపి చూపించి, “పాలు తాగే దినాల్లోనే కారు పట్టుకున్నదాన్ని నేను. అది నన్ను ఇడిసిపెట్టి యాడికి పోతాది?” అంటుంది. అందరూ నవ్వుతారు. అదృష్టం అంటే నీదేనక్కా అంటారు. ఆ నవ్వులో నేను ఎప్పుడూ కలవలేదు. కలవలేను కూడా.

మాది యాడికి అనే ఊరి దగ్గర ఒక మెట్టపొలాల పల్లె. మా ఈడు వాళ్ళకు కరువు పని అంటే ఏమిటో చెప్పనక్కరలేదు, తక్కినవాళ్ళకు చెప్పినా ఎక్కదు. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళవి. వేరుశెనగ విత్తనం భూమిలోనే మాడిపోయింది, ఎద్దులను వచ్చిన కాడికి తోలేశాం, మా ఆయన నలుగురితో పాటు బళ్ళారి దిక్కు కూలికి పోయాడు. ఇంట్లో నేను, మా అత్త, నాలుగు నెలల పిల్ల మిగిలాం. అప్పుడు ప్రభుత్వం వాళ్ళు మా పల్లె నుంచి పెద్దరోడ్డు దాకా కంకర రోడ్డు వేసే పని పెట్టారు. గుట్ట దగ్గర నుంచి మగవాళ్ళు బండలు దొర్లించుకొస్తే ఆడవాళ్ళం దారి వారన బారుగా కూర్చుని, సుత్తులతో కొట్టి కంకర చేసి కుప్పలు పోయాలి. ఆ రోడ్డు ఎవరి కోసమో అప్పుడు మేము అడగలేదు. మాకు బండీ లేదు, ఎద్దులూ లేవు, అమ్ముకోవడానికి పంటా లేదు. పని అంటే చేశాం.

ఆ దారి పొడవునా నీడ అనేది ఒక్కచోటే ఉంది, ఒక కానుగమాను. అన్ని చెట్లూ ఆకు రాల్చి కట్టెల్లా నిలబడినప్పుడు కూడా కానుగ ఎక్కడ తాగుతుందో నీళ్ళు, పచ్చగా, గొడుగులా ఉంటుంది. చంటిబిడ్డలున్న ఆడవాళ్ళందరం ఆ కొమ్మలకు చీర ఉయ్యాలలు కట్టేవాళ్ళం. సుత్తి ఎత్తే సత్తువ లేని మా అత్తను పిల్లలను చూసుకునే పనికి పెట్టుకున్నారు. ఆమె దానికి తన తెలివి ఒకటి వాడింది. ఉయ్యాలలన్నింటినీ ఒకే దారంతో కలిపి, ఆ దారం కొస తెచ్చి తన కాలి బొటనవేలికి చుట్టుకునేది. మానుకు వీపు ఆనించి, వక్కాకు నములుతూ, కాలు ఒకసారి ఆడిస్తే ఉయ్యాలలన్నీ ఒకేసారి కదిలేవి. ఎండలో కూర్చుని రాయి కొడుతూ తల తిప్పి చూస్తే, ఎర్రవీ పచ్చవీ పాతచీరల మూటలు ఆకుల మధ్య కలిసికట్టుగా ఊగుతుండేవి. ఆ కరువులో కళ్ళకు చల్లగా కనిపించింది అదొక్కటే. నా పిల్ల అక్కడ ఊగుతోందన్న ధైర్యంతోనే నా సుత్తి ఆడేది.

వారానికి ఒకసారి కొలతల దినం. ఎన్ని కుప్పలు కొట్టామో చూసుకోవడానికి పెద్దసారు తెల్లకారులో వచ్చేవాడు. ఆయన ఇంజనీరని కొందరు, ఇంకేదో ఆఫీసరని కొందరు అనేవారు, మాకు అందరూ సార్లే. మొదటి వారం కారు దుమ్ము దూరాన లేవగానే మా పని చేయించే మేస్త్రీ పరుగెత్తుకొచ్చి, “ఉయ్యాలలు ఇప్పండమ్మో! సారు కారొస్తాండాది, మాను కింద పెట్టల్ల!” అని అరిచాడు. మాకు అర్థం కాలేదు. కారు పెట్టడానికి ఇంత భూమి ఉండగా ఉయ్యాలల జోలి ఎందుకని ఒకామె అడిగింది కూడా. సారు కూర్చునే సీటు నల్ల రెగ్జినుదట, ఎండలో ఉంటే కూర్చోలేడట. పిల్లలను దించుకుని, తల మీద కొంగులు కప్పి, కంకర కుప్పల పక్కన పండుకోబెట్టుకున్నాం. వంటికి తగిలితే బొబ్బలెక్కే రాళ్ళవి.

ఆ కారు డ్రైవరు గుంతకల్లు సాయిబు, మా లాగే తెలుగు మాట్లాడేవాడు, సన్నగా, ఎప్పుడూ భయంగా ఉండేవాడు. కారును చల్లగా ఉంచడమే అతని అసలు ఉద్యోగం అనిపించేది. పొద్దు తిరిగేకొద్దీ నీడ ఎటు జరిగితే కారును అటు జరిపేవాడు. అద్దాలు సందు వదిలి ఎత్తేవాడు, ముందు అద్దం లోపల కానుగ రెమ్మలు విరిచి పరిచేవాడు, స్టీరింగుకు తడి తువ్వాలు చుట్టేవాడు. పైకప్పు మీదా, ముందు మూత మీదా గోనెసంచులు పరిచి, అవి ఆరిపోకుండా కడవలతో నీళ్ళు పోస్తూ ఉండేవాడు. ఆ నీళ్ళు ఎక్కడివంటే మేము తాగడానికి బండి మీద పీపాలో వచ్చే నీళ్ళే. మాకు మనిషికి పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు. కారుకు లెక్క లేదు. తడిసిన గోనె నుంచి ఒక వాసన వచ్చేది, తొలకరి పడ్డప్పుడు మట్టి వాసన ఉంటుందే, అట్లాంటిది. వానను మరిచిపోయిన మేము సుత్తులు ఆపి మరీ ఆ వాసన పీల్చేవాళ్ళం. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది నాకు. మా గొంతులో పడాల్సిన నీళ్ళు ఇనుము మీద పోస్తుంటే, వాసన బాగుందని పీల్చుకున్నాం.

మా అత్త మాత్రం ఊరుకునే మనిషి కాదు. ఆమె నోటికి మా పల్లెలో మగవాళ్ళు కూడా దారి తప్పుకునేవారు. డ్రైవరు సంచుల మీద నీళ్ళు పోస్తుంటే నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, “ఏమప్పా డ్రైవరూ, నీ కారుకేమన్నా జరమొచ్చిందా, తడిగుడ్డలేస్తాండావు?” అంది.

“జరం దానికి కాదవ్వా, మా సారుకు. సీటు కాలిందంటే ఆయప్పకు ఒళ్ళంతా జరమొస్తాది.”

“కాలనీలే! మాకు పొద్దుగూకులూ కాలతాండ్లేదా? ఈ బిడ్డలకు కాలతాండ్లేదా?”

“నన్ను తిడితే ఏమొస్తాది చెప్పవ్వా. ఈ ఉద్యోగం పోతే నా ఇంట్లో పొయ్యి ఎలగదు.”

అతను అబద్ధం చెప్పలేదు. సారు కారు ఎక్కే ముందు ప్రతిసారీ వంగి, చెయ్యి తిరగేసి, మీచేత్తో, అంటే అరచేతి వెనకవైపుతో, సీటును తాకి చూసేవాడు. కొడుకు నుదురు తాకి చూసినట్టు అంత శ్రద్ధగా. చల్లగా ఉంటే ఎక్కి కూర్చునేవాడు. ఏమాత్రం వెచ్చగా తగిలినా డ్రైవరును మా అందరి ముందరే నానా మాటలూ అనేవాడు. తిట్లు తింటూ డ్రైవరు తువ్వాలుతో సీటు తుడిచే తీరు చూస్తే మా అత్తకే జాలేసింది.

పిల్లలను కారు కింద పండుకోబెట్టమన్న ఆలోచన అతనిదే. పాడు ఆలోచనేమీ కాదు. కొలతలంటే సారు పొద్దున వస్తే సాయంత్రం దాకా కుప్పకుప్పకూ తిరిగేవాడు, అంతసేపూ కారు కదిలేది కాదు. పైనుంచి నీళ్ళు కారి కారి దాని కింద నేల తడిగా ఉండేది, పైన మాను నీడ, దాని కింద కారు నీడ. “ఈ ఎండలో ఇంతకంటే సల్లని తావు యాడుండాదవ్వా? సారు దూరంగా పోయినాక బిడ్డలను ఈడ పండుకోబెట్టు. నేను ఈన్నే ఉంటా గదా” అన్నాడు. మా అత్త తన దారం తెలివిని అక్కడా వాడింది. ఒక పొడుగాటి గోనెపట్ట కింద పరిచి, దాని మీద పిల్లలను వరసగా పండుకోబెట్టి, పట్ట చివరకు తాడు కట్టి, ఆ తాడు చేత్తో పట్టుకుని పక్కన కూర్చునేది. సారు తిరిగి వస్తున్నట్టు డ్రైవరు ఈల వేయగానే, తాడు పట్టి లాగితే పిల్లలంతా పట్టతో సహా బయటికి వచ్చేసేవారు. కొన్ని వారాలు అట్లాగే గడిచాయి. పిల్లలు చల్లగా నిద్రపోయేవారు. మాకు అదే పెద్ద గెలుపులా ఉండేది, సారు కారును సారుకు తెలియకుండా మేము వాడుకుంటున్నామని లోలోపల నవ్వుకునేవాళ్ళం.

నిప్పు గురించి మాకు తెలియనిది లేదు. ఎండ తెలుసు, రాతి వేడి తెలుసు, పెనం తెలుసు, పొయ్యి తెలుసు. కారు కింద పొడుగ్గా ఒక ఇనుప గొట్టం ఉంటుందని, దానిలోనుంచి పొగ పోతుందని, కారు నడిచి వచ్చినప్పుడు అది కాలిన పెనం కంటే వేడిగా ఉంటుందని మాత్రం మాలో ఏ ఒక్కరికీ తెలియదు. ఎట్లా తెలుస్తుంది? అంతకు ముందు మేము కారు పైభాగమైనా సరిగ్గా చూసి ఎరుగం. పైన తడిగా ఉంటే కింద కూడా చల్లగానే ఉంటుందనుకున్నాం. వెనకటి వారాల్లో పొద్దున వచ్చిన కారు నిలబడి నిలబడి, ఎండ ముదిరి మేము పిల్లలను చేర్చేసరికి ఆ గొట్టం చల్లారిపోయి ఉండేది.

ఆ రోజు అట్లా జరగలేదు. సారు మధ్యలో ఎక్కడికో పోవాలని కారెక్కి, ఎండ నడినెత్తిన ఉండగా తిరిగి వచ్చాడు. రాగానే దిగి, మేస్త్రీని వెంటబెట్టుకుని గుట్ట వైపు పోయాడు. సంచులు ఆరిపోయాయని డ్రైవరు కడవలు తీసుకుని నీళ్ళ బండి దగ్గరకు పరుగెత్తాడు. కారు మళ్ళీ వస్తుందని మేస్త్రీ మాను కింద చేరనివ్వలేదు, పిల్లలు అప్పటిదాకా ఎండలో ఏడ్చి ఏడ్చి సోలిపోయి ఉన్నారు. మా అత్త ఆత్రంగా పట్ట పరిచి, ఎప్పటిలా వాళ్ళను కారు కిందకు చేర్చింది. నా పిల్ల ఆ వారమే బోర్లా పడి, తల ఎత్తి, కనిపించిందల్లా అందుకోవడం మొదలుపెట్టింది. మొదట చేరింది కూడా నా పిల్లే, గొట్టం పక్కన పడింది.

నేను విన్న ఆ కేక పసిబిడ్డది అనిపించలేదు. సుత్తి ఎక్కడ విసిరేశానో తెలియదు. మా అత్త తాడు లాగింది, పిల్లలందరూ వచ్చారు, నా పిల్ల చెయ్యి మాత్రం పైన గొట్టం మీదే ఉంది. గట్టిగా పట్టుకుందో, అతుక్కునే ఉందో, ఆ సంగతి నేను ఇంతకంటే రాయను. కడవలతో వస్తున్న డ్రైవరు దూరం నుంచే చూసి పరుగెత్తుకొచ్చాడు. “దాని కింద ఇప్పుడు పెడతారా అవ్వా! అది నిప్పవ్వా, నిప్పు!” అని తల బాదుకుంటూ రెండు కడవల నీళ్ళూ పిల్ల చేతి మీద ధారగా పోశాడు. సంచుల మీద పడాల్సిన నీళ్ళు మా పిల్ల మీద పడ్డాయి. తన మెడలోని తువ్వాలు తడిపి చేతికి చుట్టాడు.

కేకలు విని సారు వచ్చాడు. ఏమైందని అడిగాడు, మేస్త్రీ చెప్పాడు. సారు నా వైపు చూసి, “అసలు కారు కింద పిల్లల్ని ఎవరు పడుకోబెట్టమన్నారు? మీకు బుద్ధుందా? రేపు ఏదైనా జరిగితే నా ఉద్యోగం ఏం కాను?” అన్నాడు. రేపు ఏదైనా జరిగితే అన్నాడు. ఈరోజు జరిగింది ఆయన లెక్కలో లేదు.

డ్రైవరు ఒక అడుగు ముందుకు వేసి, “సార్, యాడికిలో ఆసుపత్రి ఉండాది సార్. కారులో అయితే తొందరగా పోతాము” అన్నాడు.

“మనం అటు వెళ్ళడం లేదు. బండి కట్టుకుని తీసుకెళ్ళమను” అని, సారు తలుపు తెరిచి, వంగి, మీచేత్తో సీటు తాకాడు. నీళ్ళు పడక సంచులన్నీ ఆరిపోయి ఉన్నాయి కదా, సీటు కాలింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు డ్రైవరును తిట్టడం. నా పిల్ల అట్లా ఏడుస్తూనే ఉంది, ఆయన ఇట్లా తిడుతూనే ఉన్నాడు. డ్రైవరు తువ్వాలు పిల్లకు చుట్టి ఉంది కాబట్టి సీటు తుడవడానికి అతని దగ్గర గుడ్డ లేదు. తన చొక్కా విప్పి, తడిపి, దానితో తుడిచాడు. కారు కదిలింది. దుమ్ము ఎటు లేస్తుందా అని మేమందరం చూశాం. యాడికి వైపే లేచింది.

పల్లెలో ఎవరిదో బండి తెచ్చి కట్టేసరికి పొద్దు వాలింది. మేము కొట్టిన కంకర మీదనే, చక్రాలు ఎగిరెగిరి పడుతుంటే, పిల్లను ఒడిలో పెట్టుకుని పోయాం. కట్టు కట్టారు, మందు ఇచ్చారు, తగ్గింది. రెండు వేళ్ళు మాత్రం వంగి నిలిచిపోయాయి.

మరుసటి వారం కారులో వేరే డ్రైవరు వచ్చాడు. పాతతను ఏమయ్యాడని మేస్త్రీని అడిగితే, మార్చినారంట అన్నాడు తప్ప ఎక్కడికని చెప్పలేదు. ఆ గుంతకల్లులోనే ఇన్నేళ్ళుగా నేను మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అతని వయసు సాయిబు ఎవరు కనిపించినా ముఖంలోకి చూస్తాను. అతను దొరకలేదు. అతని తువ్వాలు కూడా మేము తిరిగి ఇవ్వలేదు.

ఆ వారం మేస్త్రీ ఉయ్యాలలు విప్పమని అరిచినప్పుడు మా అత్త లేవలేదు. ఉయ్యాలలన్నీ కట్టే ఉన్నాయి, దారం బొటనవేలికి చుట్టే ఉంది, మానుకు వీపు ఆనించి కాళ్ళు చాపుకుని కూర్చుంది. కారు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది. కొత్త డ్రైవరు హారను మోగించాడు. ఆమె వక్కాకు ఊసి, “పోనీ నాయనా, మింద ఎక్కిచ్చుకోని పో. నీ సక్రాలకు గూడా సల్లగుంటాది” అంది. మేస్త్రీ బతిమాలాడు, బెదిరించాడు. ఆమె కాలు ఆడించింది, ఉయ్యాలలన్నీ ఒక్కసారి ఊగాయి. మేము సుత్తులు ఆపి చూస్తున్నాం. సారు అద్దంలోనుంచి ఆమెను కాసేపు చూసి దిగిపోయాడు. ఆ రోజంతా కారు ఎండలో నిలబడింది. సాయంత్రం ఆయన సీటు మీద కాగితాల కట్ట వేసుకుని కూర్చుని పోవడం మేమందరం చూశాం. ఎవరం నవ్వలేదు. నవ్వే ఓపిక మాకు లేకపోయింది.

మర్నాటి నుంచి మా అత్తకు పని లేదన్నారు. ఆమె కూలి లేకుండానే వచ్చి, పని ముగిసేదాకా ప్రతిరోజూ అదే తావులో కూర్చుంది. పొద్దున ఒకరు సంగటి ముద్దలో సగం పెట్టేవారు, మధ్యాహ్నం ఇంకొకరు చెంబులో నీళ్ళు మిగిల్చి ఇచ్చేవారు. ఆమె పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. ఆ రోడ్డును వెడల్పు చేసినప్పుడు కానుగమానును కూడా కొట్టేశారు. ఇప్పుడు ఆ దారిన కార్లు బాగా తిరుగుతాయి, ఆగడానికి నీడ లేదు కాబట్టి ఏదీ ఆగదు.

మొన్న ఆసుపత్రి దగ్గర ఇదంతా నా కళ్ళ ముందు తిరిగింది. మా అమ్మాయితో, కారు ఎండలో పెట్టమ్మా, ఆ బిడ్డను ఉయ్యాలలో ఉండనీ అన్నాను. “ఎండలో పెడితే పొయ్యేటప్పుడు నీకే కాలతాది మా. కండ్లలో మందు ఏసుకోని ఆ ఉక్కలో కూసుంటావా? ఆయమ్మ ఎట్లైనా జరుగుతాది లే” అని, అద్దాలకు తెరలు తగిలించడంలో పడింది. అది నా మీద ప్రేమే, కాదనను.

లోపల చీటీ రాయించడానికి ఆమె వరసలో నిలబడ్డప్పుడు నేను బయటికి వచ్చి, గోడ వారన ఎండలో కూర్చున్న ఆ దోసకాయల మనిషి దగ్గరకు పోయాను. బిడ్డ ఆమె ఒడిలో ఉంది, మీద తడి కొంగు కప్పింది. మీది యాడమ్మా అంటే కదిరి దిక్కు అంది.

“ఉయ్యాల యాల ఇప్పినావు? నోరు లేదా నీకు? ఆ కారాయమ్మను నాలుగు తిట్టకూడదా?” అన్నాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. “ఆ కారులోంచి దిగినది నువ్వే గదవ్వా” అంది. తర్వాత మెత్తగానే, “తిడితే ఏమొస్తాది? రేపు గూడా ఈన్నే అమ్ముకోవల్ల గదా” అని దోసకాయ ఒకటి కోసి నా చేతిలో పెట్టబోయింది. నేను తీసుకోలేకపోయాను.

మా కాలంలో ఒక మేస్త్రీ అరవాల్సి వచ్చేది, ఒక సారు రావాల్సి వచ్చేది, వాళ్ళకు ఎదురుగా ఒక ముసలిది కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఇప్పుడు అరుపు అక్కరలేదు, ఒక అరచెయ్యి ఊగితే చాలు, ఉయ్యాల దానంతట అదే దిగిపోతుంది. తిట్టడానికి మా అత్త లేదు. ఆ తావులో ఇప్పుడు కాళ్ళు చాపుకుని కూర్చోవాల్సింది నేను. కూర్చోలేదు. కళ్ళలో మందు పడ్డాక మసకమసకగా, మా అమ్మాయి భుజం పట్టుకుని తిరిగి కారు దగ్గరకే వచ్చాను.

ఆమె తలుపు తెరిచి, వంగి, చెయ్యి తిరగేసి, మీచేత్తో నా సీటు తాకి చూసింది. ఆ అరచేతికి వేడి తెలియదు కాబట్టి ఆమె ఎప్పుడూ మీచేత్తోనే చూస్తుంది.

“సల్లగుండాది మా, కూసో” అంది.

కూర్చున్నాను. చల్లగానే ఉంది.